ప్యాకేజీలో ఇమడని రోగం

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి సత్యకుమార్ యాదవ్ ధర్మవరం శాసనసభ్యుడు. బీసీ సంక్షేమ, చేనేత శాఖల మంత్రి సవిత పెనుకొండ శాసనసభ్యురాలు. 2014 నుంచి హిందూపురంలో వరుసగా గెలుస్తున్న నందమూరి బాలకృష్ణ హైదరాబాద్‌లోని బసవతారకం కేన్సర్ ఆసుపత్రికి అధ్యక్షుడు. వైద్యం గురించి మొరపెట్టుకోవడానికి ఈ మూడు పట్టణాల ప్రజలు దూరం పోనక్కరలేదు. అయినా జబ్బు ముదిరితే హిందూపురం వాసి బెంగళూరు రైలెక్కుతాడు. ధర్మవరం నేతగాడు బత్తలపల్లిలోని ఆర్డీటీ ఆసుపత్రికో, అనంతపురానికో పోతాడు. ఇందులో నాయకుల మంచిచెడ్డల కంటే డబ్బు నడిచే దారిని చూడాలని నా అభిప్రాయం. ఆ దారి పొడుగునా కులం కాపు కాసి ఉంది.

మైదాన ప్రాంతంలో లక్షా ఇరవై వేల మందికి ముప్పై పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం ఒకటి ఉండాలన్నది జాతీయ ప్రమాణం. అందులో శస్త్రవైద్యుడు, సాధారణ వైద్య నిపుణుడు, స్త్రీల వైద్యురాలు, పిల్లల వైద్యుడు, మత్తుమందు నిపుణుడు ఉండాలి. మన రాష్ట్రంలో ఈ కేంద్రాలను, వాటిపైన ఏరియా ఆసుపత్రులను 1986 నాటి చట్టంతో ఏర్పడిన వైద్య విధాన పరిషత్తు నడుపుతూ వచ్చింది. జీతభత్యాల భారం ప్రధానంగా రాష్ట్రానిది. జాతీయ ఆరోగ్య మిషన్ నిధుల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరిస్తాయి. స్థానికంగా ఖర్చు పెట్టుకునే కొద్దిపాటి సొమ్ము ఆసుపత్రి అభివృద్ధి సంఘం చేతిలో ఉంటుంది. ఆ సంఘానికి సాధారణంగా శాసనసభ్యుడే అధ్యక్షుడు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఏర్పాటులో కొత్త ప్రవాహం ఒకటి చేరింది. శస్త్రచికిత్సకు ఇంత అని ట్రస్టు చెల్లిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రి చేస్తే అందులో కొంత సిబ్బందికి ప్రోత్సాహకంగా, మిగిలినది ఆసుపత్రి ఖాతాకు పోతుంది. పథకం లక్షలాది పేదలను అప్పుల పాలు కాకుండా కాపాడింది, దాన్ని నేను తక్కువ చేయను. అయితే దాని తర్కం చూడండి. మత్తుమందు నిపుణుడు లేని చోట ఆపరేషన్ లేదు. ఆపరేషన్ లేని చోట ఆదాయం లేదు. ఆదాయం లేని ఆసుపత్రికి రోగి రాడు. రోగి రాని ఆసుపత్రికి నిపుణుణ్ణి వేయమని అడిగే నాథుడు ఉండడు. ప్రజాధనం అదే రోగి వెంట నగరంలోని కార్పొరేట్ ఆసుపత్రికి నడిచిపోతుంది.

ఇంకా పెద్ద లోపం మరొకటి. ఏళ్ల తరబడి సాగే చాలా జబ్బులకు ప్యాకేజీ లేదు. గుంటమగ్గం మీద ముప్పై ఏళ్లు కూర్చున్న మనిషికి నడుము, మోకాళ్లు, కళ్లు ఒకదాని తర్వాత ఒకటి మొరాయిస్తాయి. అతనికి కావలసింది వారం వారం ఫిజియోథెరపీ, క్రమం తప్పని మందులు, ఇంటికి వచ్చి చూసే నర్సు. పక్షవాతంతో పడిపోయిన కూలికైనా అంతే. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో వృద్ధుల క్లినిక్కులు, పునరావాస సేవలు ఉండాలని ఎప్పుడో చెప్పింది. అవి నడుస్తున్నాయో లేదో ధర్మవరం నేతపేటల్లో ఏ ముసలమ్మనడిగినా తెలుస్తుంది.

ప్రభుత్వం ఈ ఖాళీని పింఛనుతో పూడ్చజూస్తోంది. 2024 జులై నుంచి వృద్ధులకు, యాభై దాటిన నేతగాళ్లకు నెలకు 4,000, డయాలసిస్ రోగులకు 10,000, మంచానికే పరిమితమైన వారికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. మంచిదే. కాని నగదు వచ్చి రోగిని పక్కకు తిప్పదు, పుండు కడగదు. ఆ పని ఇంట్లో కోడలిదో, కూతురిదో అవుతుంది. ఆమె కూలి పోతుంది. ఆ నష్టం ఏ పద్దులోనూ ఎక్కదు. ఆసుపత్రిలోనైతే మలమూత్రాలెత్తే పని ఎక్కువగా దళిత స్త్రీలది, అదీ ఏజెన్సీ కింద, ఉద్యోగ భద్రత లేకుండా. ఒకరి శరీరాన్ని ఒకరు ముట్టుకోవలసిన సేవ ఈ దేశంలో ఎందుకింత చవకగా దొరుకుతోందో అంబేడ్కర్‌ను చదివిన విద్యార్థులకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక ఉప ప్రణాళిక సంగతి. 2013 చట్టం దళితుల జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలంది. అదే చట్టం, విభజించడానికి వీలులేని మౌలిక వసతుల వ్యయంలో కొంత భాగాన్ని దళితుల కోసం ఖర్చయినట్టు లెక్కించుకోనిస్తుంది. అంటే ఆసుపత్రి గోడ లేస్తే దళితులకు ఖర్చయినట్టే, లోపల వైద్యుడున్నా లేకున్నా.

పెనుకొండ వైద్య కళాశాలకు 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. 2025లో ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించదలచిన పది కళాశాలల్లో అదీ ఒకటి. ఫీజుల మీద చర్చ జరిగింది గాని రిజర్వేషన్ల మీద తగినంత జరగలేదు. ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఆచార్యుడి నుంచి అటెండరు దాకా ప్రతి శాశ్వత నియామకానికీ రోస్టరు ఉంటుంది. ప్రైవేటు యాజమాన్యానికి ఆ కట్టుబాటు లేదు. యాజమాన్య కోటా సీట్లదీ ఇదే దారి. వెనుకబడిన ఈ కరువు నేలకు సొంత వైద్యులు కావాలంటే, ఈ వాడల పిల్లలే చదువుకొని ఇక్కడే ఉండాలి. కియా గేటు లోపల 21,000 లోపు జీతగాడికి ఈఎస్ఐ ఉంటుంది. గేటు బయట రోజుకూలీకి సర్కారు ఆసుపత్రే దిక్కు.

విదేశీ విరాళాల అనుమతి చిక్కుల్లో పడి 2025లో ఆర్డీటీ ప్రశ్నార్థకమైనప్పుడు జనం వీధుల్లోకి వచ్చారు. అంత ప్రేమ ఒక సేవాసంస్థపై ఉండడం ఆ సంస్థకు గౌరవం, ప్రభుత్వానికి మాత్రం అవమానం. దాత అనుమతి ఆగితే ఆగిపోయే వైద్యాన్ని హక్కు అనలేం.

కేరళ 2008లోనే ఉపశమన వైద్య విధానం ప్రకటించి, మంచాన పడినవారి ఇంటికి నర్సును పంపే బాధ్యతను పంచాయతీల చేతిలో పెట్టింది. మన దగ్గర ఆశా కార్యకర్తలున్నారు, గ్రామ సచివాలయాలున్నాయి. కావలసింది పద్దు. ఉప ప్రణాళిక కింద చూపే వైద్య వ్యయాన్ని గోడల లెక్కన గాక, వాడవాడకూ అందిన సేవల లెక్కన ప్రకటించాలి. అభివృద్ధి సంఘంలో దళితవాడ, నేతపేట, మైనారిటీ వీధి ప్రతినిధులకు, అందులో సగం స్త్రీలకు, ఓటుహక్కుతో స్థానాలివ్వాలి. ఆసుపత్రికి ఏ త్రైమాసికంలో ఎంత వచ్చిందో, దేనికి పోయిందో ఓపీ గది బయట తెలుగులో రాసిపెట్టాలి. మంత్రి నియోజకవర్గమైన ధర్మవరంలోనే ఇది మొదలుపెట్టవచ్చు. బోర్డుకు రంగు, చదవగలిగిన అక్షరం తప్ప పెద్ద ఖర్చేమీ లేదు.