బీదర్ సీటు ఎవరి ఆస్తి?

1956 దాకా జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు బీదర్ జిల్లాలోనే ఉండేవి. రాష్ట్రాలు విడిపోయినా చుట్టరికాలు తెగలేదు, సంతలు ఆగలేదు. అక్కడ మా బంధువులున్నారు, మా సంఘాలున్నాయి. అందుకే బీదర్ రాజకీయం పక్కింటి గొడవ అని మేము ఊరుకోలేం.

ఒక కుటుంబాన్నే చూడండి. భీమణ్ణ ఖండ్రే స్వాతంత్ర్య సమరయోధుడు. 1962లో భాల్కి నుంచి ఎమ్మెల్యే అయ్యారు, ఆ తర్వాత మంత్రి కూడా అయ్యారు. ఆ కష్టాన్ని మేము కాదనం. కానీ 1994లో అదే భాల్కిలో ఒక కొడుకు విజయ్‌కుమార్ గెలిచారు. 2008 నుంచి మరో కొడుకు ఈశ్వర్ ఖండ్రే వరుసగా నాలుగుసార్లు గెలిచారు. 2019లో బీదర్ లోక్‌సభకు నిలబడి ఓడారు. 2023లో రాష్ట్ర అటవీ మంత్రి, బీదర్ జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి అయ్యారు. మరుసటి ఏడాది లోక్‌సభ టికెట్ 26 ఏళ్ల ఆయన కొడుకు సాగర్‌కు దక్కింది. కేంద్రమంత్రి భగవంత్ ఖూబాను 1.28 లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడించి సాగర్ ఎంపీ అయ్యారు.

"ప్రజలే ఓటేశారు కదా?" అంటారు. నిజమే, వేశారు. కానీ టికెట్ ఎవరికివ్వాలో ప్రజలను ఎవరడిగారు? 2023లో భాల్కిలో ఈశ్వర్ ఖండ్రే మీద బీజేపీ నిలబెట్టింది ఎవరిని? ప్రకాశ్ ఖండ్రేను. అంటే వాళ్ల బంధువునే! జెండాలు రెండు, ఇంటిపేరు ఒకటే. పక్కనున్న హుమ్నాబాద్‌లో మాజీ మంత్రి బసవరాజ్ పాటిల్ కొడుకు రాజశేఖర్ ఎమ్మెల్యేగా ఉన్న కాలంలోనే ఆయన తమ్ముళ్లిద్దరూ ఎమ్మెల్సీలు. ఇది ఒక్క పార్టీ జబ్బు కాదు.

మనవాళ్లని కూడా వదలకూడదు. కలబురగిలో ఖర్గే గారి కొడుకు ప్రియాంక్ రాష్ట్ర మంత్రి, 2024లో అల్లుడు రాధాకృష్ణ ఎంపీ. దళిత నాయకుడి ఇల్లు కాబట్టి ఒప్పు, ఖండ్రేల ఇల్లు కాబట్టి తప్పు అంటే అది న్యాయం కాదు, పక్షపాతం.

దీనివల్ల నష్టపోయేది ఎవరు? దశాబ్దాల పాటు బీదర్ లోక్‌సభ ఎస్సీ రిజర్వుడు స్థానం. రామచంద్ర వీరప్ప అక్కడి నుంచి ఏడుసార్లు ఎంపీ అయ్యారు. 2008 పునర్విభజనలో అది జనరల్ అయింది. ఇప్పుడు జిల్లాలో ఎస్సీలకు మిగిలింది ఔరాద్ అసెంబ్లీ స్థానం ఒక్కటే. దళిత క్రైస్తవుడికి అదీ లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం బాప్తిస్మం తీసుకున్న దళితుడు ఎస్సీ కాడు. రిజర్వుడు సీటుకు చట్టం అడ్డం, జనరల్ సీటుకు ఇంటిపేరు అడ్డం. ఇక మన పిల్లలు జెండాలు మోయడానికేనా?

ఫిలిప్పీన్స్ దేశం 1987 రాజ్యాంగంలోనే కుటుంబ పాలన ఉండకూడదని రాసుకుంది. దాన్ని అమలు చేసే చట్టం చేయాల్సింది మాత్రం అక్కడి పార్లమెంటు. అందులో కూర్చున్నది ఎక్కువగా ఆ కుటుంబాలవాళ్లే. దశాబ్దాలు గడిచినా చట్టం రాలేదు. తమకు తాము తలుపు మూసుకునేవాళ్లు ఎక్కడుంటారు?

సమూయేలు మంచి ప్రవక్తే. అయినా కొడుకులను న్యాయాధిపతులుగా పెడితే వాళ్లు లంచాలు తిన్నారు. సాగర్ అలాంటివాడని మేము అనడం లేదు. తండ్రి మంచితనం కొడుకు అర్హత కాదంటున్నాం. ఈ జిల్లాలోని బసవకల్యాణ్ నుంచే పన్నెండో శతాబ్దంలో బసవన్న పుట్టుకను చూసి మనిషిని కొలవొద్దని చెప్పాడు.

మేము అడిగేవి మూడు. టికెట్‌ను పార్టీ కార్యకర్తల ఓటుతో తేల్చాలి. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకేసారి చట్టసభ పదవులు ఇవ్వకూడదు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలి. వీటితోపాటు మన ఇంటినీ సర్దుకుందాం. పాస్టరు కొడుకే పాస్టరు, అధ్యక్షుడి అల్లుడే కోశాధికారి అయిన సంఘాలు మనలో లేవా? రేపు ఓట్లడగడానికి వారసుడు గుడికి వస్తే దండ వేసే ముందు ఈ మూడింటి మీద జవాబు అడగండి. అంతకంటే ముందు మన కమిటీకి ఎన్నికలు పెట్టండి.