యాలక్కాయకి అంత హంగామా ఎందుకు?

మొన్న ఆదివారం పాయసం కాస్తూ చూద్దును కదా, డబ్బాలో యాలకులు నిండుకున్నాయి. మా చిన్నాణ్ణి కొట్టుకి పంపబోయాను. వాడికి పదకొండేళ్ళు. గడప దగ్గర ఆగి, "ఏ కంపెనీవి తేనమ్మా?" అన్నాడు.

యాలకులకి కంపెనీ ఏమిట్రా అంటే, టీవీలో క్రికెట్ మధ్య వచ్చే ప్రకటన రాగంతో సహా పాడి వినిపించాడు. హీరోగారు హెలికాప్టర్లోంచి దిగుతారట. జనం దారిస్తారట. ఆయన ఓ చిన్న డబ్బా తీసి నాలుగు గింజలు నోట్లో వేసుకుంటారట. అంతే, విజయం ఆయనదేనట!

ఇరవై ఏళ్ళ నుంచీ యాలకులు కొంటున్నాను. పండక్కో పబ్బానికో పది గ్రాముల పొట్లం. అది అమ్ముకోడానికి హెలికాప్టరే కావలసివస్తే, రోజూ వాడే మినప్పప్పుకి యుద్ధనౌక తేవాలి కాబోలు!

"అది మన వీధి చివర కిళ్ళీకొట్లో దొరుకుతుందమ్మా. పెద్దవాళ్ళు నమిలే పొట్లం మీద కూడా అదే పేరుంటుందిగా" అన్నాడు వాడే మళ్ళీ. చూశారా! ప్రకటన వేసినవాడు ఏది దాచినట్టు నటిస్తున్నాడో, అది పదకొండేళ్ళ వాడికి ఇట్టే అర్థమైపోయింది. అర్థం కావాలనే కదా అంత ఖర్చు! అదే పేరు, అదే రంగు, అవే అక్షరాలు. పొట్లంలో సరుకు మాత్రం వేరు. మద్యం వాళ్ళదీ ఇదే దారి. వాళ్ళు సీసా చూపించరు. సోడా అంటారు, మంచినీళ్ళంటారు, పాటల సీడీలంటారు. కోడలి మీద కోపం అత్తగారు పిల్లి మీద చూపించినట్టు, పిల్లి పేరుతో మాట మనకే చెబుతారు.

చట్టాలు లేవా అంటే బోలెడున్నాయి. 2000లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చి పొగాకు, మద్యం ప్రకటనలు వద్దన్నారు. 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది. ఆ ప్రకటనలు చట్టవిరుద్ధమన్నారు. పద్ధెనిమిదేళ్ళలోపు వాళ్ళకి అమ్మకూడదన్నారు, బడికి వంద గజాల లోపల అసలే అమ్మకూడదన్నారు. కొట్టు దగ్గర పెట్టే బోర్డు 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు మించకూడదు, దానిమీద బ్రాండు పేరూ బొమ్మా ఉండకూడదు. ఈ ముసుగు ప్రకటనలు కుదరవని 2022 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

నేను ఊరుకోక, కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసుకుని మా చిన్నాడి బడి గేటు నుంచి కిళ్ళీకొట్టు దాకా కొలిచాను. చూసిన వాళ్ళంతా, ఈవిడ స్థలం కొంటోంది కాబోలు అనుకున్నారు. నలభై మూడు గజాలు! బోర్డు సంగతి చెప్పనే అక్కర్లేదు, తలుపంత ఉంది. సంబంధించిన ఆఫీసుకి వెళితే, "ఇది మా సెక్షన్ కాదమ్మా" అని ఒక గదిలోంచి ఇంకో గదికి పంపారు. బడి దగ్గర అమ్మితే జరిమానా ఎంతో తెలుసా? రెండు వందల దాకానట. జాకెట్ కుట్టినందుకు మా టైలరు అంతకంటే ఎక్కువే తీసుకుంటాడు. చట్టవిరుద్ధంగా ప్రకటన వేస్తే మొదటిసారి రెండేళ్ళ దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా అని రాసుంది. కోట్లు ఖర్చుపెట్టేవాడికి ఆ వెయ్యి ఒక లెక్కా?

ఇదంతా చెబితే మావారు పేపరు మడిచి, "మీ అమ్మమ్మకి ఏ హీరో వచ్చి చెప్పాడు?" అన్నారు.

ఆ మాట చురుక్కుమంది. మా అమ్మమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. ఆ ప్రాంతపు ఆడవాళ్ళు కొందరిలాగే అడ్డపొగ తాగేది. అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. చివరికి అంగిట్లో పుండు లేచింది. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. ఆఖరి రోజుల్లో గంజి కూడా మింగలేక, నా చెయ్యి పట్టుకుని కళ్ళతో ఏదో చెప్పబోయేది.

నిజమే, ఆవిడకి ఎవరూ ప్రకటన చూపించలేదు. కాని వద్దని చెప్పినవాళ్ళూ లేరు. ఆవిడకి తెలియదు. ఇవాళ ఈ పొట్లాలు అమ్మేవాళ్ళకి తెలుసు. పొగాకు పొట్లం మీద కాన్సర్ బొమ్మ అచ్చువేసేదీ వాళ్ళే, అదే పేరుని హీరో నోట పలికించేదీ వాళ్ళే. తెలియక పోగొట్టుకోవడం వేరు, తెలిసి అమ్మడం వేరు. ఈ రెండిటికీ తేడా లేదంటే నేనొప్పుకోను.

"పెద్దవాళ్ళ ఇష్టం, నీకెందుకు?" అంటారు ఇంకొందరు. పెద్దవాళ్ళ జోలికి నేను పోవడం లేదు. ఆ పాట పాడుతున్నది మా చిన్నాడు. పొగాకు రైతు పొట్టకొడతారా అంటారు. ప్రకటన ఆగితే ప్రకాశం జిల్లా రైతు బారనులో ఆకు మాడిపోదు. ఆ వర్జీనియా ఆకులో ఎక్కువ భాగం విదేశాలకే పోతుంది. ఆటలకి డబ్బెవరిస్తారంటారు. 1996 ప్రపంచకప్పు పేరే ఒక సిగరెట్టు పేరు, మన ఆటగాళ్ళ చొక్కాల మీదా అదే. ఆ పేరు పోయింది. మరి క్రికెట్ ఆగిందా? మా ఇంట్లో అన్నం చల్లారిపోతున్నా ఆగడం లేదు!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, చదువుల వెలుగు అప్పుడప్పుడే చూస్తున్న ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. వాళ్ళు లేని చట్టాన్ని తెప్పించుకున్నారు. డిగ్రీలు చదివిన మనం ఉన్న చట్టాన్ని అమలు చెయ్యమని అడగలేమా? ఎస్సై స్థాయి పోలీసు అధికారికి ఆ కొట్టు సోదా చేసే అధికారం ఉంది. ఒక్కదాన్ని వెళితే సెక్షన్ కాదన్నారు. వచ్చే సోమవారం మా చిన్నాడి క్లాసు తల్లులం పదకొండుమందిమి వెళుతున్నాం, అర్జీతో, టేపుతో సహా.

అన్నట్టు, ఆ పూట పాయసం యాలకులు లేకుండానే దించేశాను. కొంచెం చప్పగానే ఉంది. ఫరవాలేదు, తిన్నారు.