ఖానగీ బడి: నాడును, నేడును

యాసంగి వడ్లు తూకమై రైతు చేతికి సొమ్ము వచ్చుటకును, జూన్ మాసమున బడులు తెరచుటకును నడుమ వ్యవధి మిక్కిలి స్వల్పము. పెద్దపల్లి ప్రాంతమున ఈ వ్యవధిని చక్కగా లెక్కించి యుంచుకొనువారు ఇరువురు: అప్పులిచ్చు షావుకారు ఒకడు, ఖానగీ బడి యజమాని మరియొకడు. సుల్తానాబాదు మొదలు మంథని వరకు ఏ యూరికి పోయినను వేసవిలో బడిబస్సుల బొమ్మలతో, మార్కుల పట్టికలతో కరపత్రములు గడపగడపకును వచ్చుచున్నవి. వానిని పంచువారు ఆ బడుల పంతుళ్లే. తలకు రుమాలు చుట్టుకొని ఎండలో తిరుగుచు, ఇంతమంది పిల్లలను తేనిచో తమ కొలువు నిలువదని వారు మాతో చెప్పి వాపోయిన సందర్భములు పెక్కు గలవు.

గడచిన జూన్‌లో ఒకనాటి సాయంకాలము, బియ్యపుమిల్లులో బస్తాలు మోయు హమాలీ యొకడు మా కార్యాలయమునకు వచ్చి చేతులు కట్టుకొని నిలిచెను. అతని కుమారుడు ఒక ఖానగీ బడిలో ఐదవ తరగతి ముగించినాడు. రెండు విడతల ఫీజు బాకీ పడినది. ఇంటియామెకు జబ్బుచేయగా ఆ సొమ్ము ఆసుపత్రికి పోయినది. ఇక పిల్లవానిని సర్కారు బడిలో చేర్చుదమని తలచినాడు గాని, బాకీ తీర్చినగాని బదిలీ పత్రము ఇయ్యమని బడివారు చెప్పినారు. “వకీలు సాబ్, నా బాకీకి పోరగాన్ని జామీను పెట్టుకున్నరు” అని అతడనెను. ఈ వ్యవహారమును ఇంతకంటె క్లుప్తముగా చెప్పుట చట్టము చదివిన మాకు సాధ్యము కాలేదు.

చట్టము మాత్రము అతని పక్షముననే యున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఐదవ సెక్షను ప్రకారము, పిల్లవాడు సర్కారు బడికి మారగోరినప్పుడు పాత బడి ప్రధానోపాధ్యాయుడు వెంటనే బదిలీ పత్రము ఇయ్యవలెను. అది ఆలస్యమైనదని క్రొత్త బడివారు చేర్చుకొనక పోరాదు. ఈ సంగతి తెలియకయే ఎన్ని కుటుంబములు వడ్డీకి తెచ్చి బాకీలు కట్టుచున్నవో!

ఖానగీ బడి యను మాట తెలంగాణమున ఒకప్పుడు తలయెత్తి చెప్పుకొనదగినదిగ నుండెను. నైజాము రాజ్యమున పైచదువులు ఉర్దూలో నడచుచుండెడివి. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును అదియే బోధనభాష. అట్టి కాలమున పిల్లలకు తల్లిభాషలో నాలుగక్షరములు చెప్పించుటకు ఊరివారే చందాలు పోగుచేసి, పంతులునకు ఇంత గింజ కొలిచి, గుడి మండపమునందో వీధియరుగు మీదనో బడి పెట్టుకొనెడివారు. సర్కారు దానినిని ఓర్వక, ముందుగా అనుమతి పొందనిదే ఖానగీ బడి తెరువరాదని నిబంధనలు చేసెను. ఆ నిర్బంధమును తొలగింపుమని ఆంధ్రమహాసభలు మొఱపెట్టుచు వచ్చినవి. మొదటి సభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జరిగెను. నాలుగవది 1935లో మన పొరుగున సిరిసిల్లలోనే, మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను జరిగెను. హైదరాబాదున ఆడపిల్లలకు తెలుగు బడి నెలకొల్పిన పుణ్యమును ఆ హనుమంతరావుగారిదే.

బడి పెట్టుకొను హక్కు కొరకు పెద్దలు అంత శ్రమపడిరి. ఆ హక్కు నేడు నిరాటంకముగ నున్నది. నాడు కలవాడు చందా ఇచ్చి లేనివానికి చదువు చెప్పించెను. నేడు లేనివాడు చందా ఇచ్చి కలవానికి భవంతులు కట్టించుచున్నాడు.

ఇది ఆవేశమున అన్నమాట యని తోచువారు లెక్క చూడవచ్చును. భారతప్రభుత్వ గణాంకశాఖ 2025 ఏప్రిల్ మొదలు జూన్ వరకు జరిపిన విద్యా సర్వేలో, సర్కారు బడి పిల్లవానికి కుటుంబము ఏడాదికి వెచ్చించునది సగటున 2,863 రూపాయలని తేలినది. సర్కారువి కాని బడులలో 25,002 రూపాయలు. ఇది దేశమంతటికిని సగటు. పెద్ద నగరముల బడులును, పల్లెల చిన్నబడులును ఇందు కలిసియున్నవి. ఐనను కొలబద్దగ పనికివచ్చును. 2025-26 సంవత్సరమునకు ఉపాధిహామీ పథకము క్రింద తెలంగాణమునకు నిర్ణయింపబడిన దినకూలి 307 రూపాయలు. నూరు దినముల పనియు పూర్తిగా దొరకిన కుటుంబమునకు వచ్చునది 30,700. ఒక బిడ్డ ఖానగీ చదువునకు అందులో ఎనుబది రెండు దినముల కూలి పోవును. రెండవ బిడ్డ యున్నచో ఆ లెక్కయే కుదరదు. అప్పుడు తలిదండ్రులు ఏమి చేయుదురో మనమెల్లరమును ఎరుగుదుము: కొడుకు బస్సెక్కును, కూతురు నడచి సర్కారు బడికి పోవును. ఒకే యింట, ఒకే కంచము దగ్గర, ఇద్దరు పిల్లల నడుమ ఈ గీత గీయబడుచున్నది.

మరియు ఫీజు అనునది ఒక్కటే అంకె కాదు. ప్రవేశమునకు కొంత, పుస్తకములకు కొంత, బడిలోనే కొనవలసిన బట్టలకు, బూట్లకు, బెల్టుకు కొంత, బస్సునకు కొంత. ఆరవ తరగతి పిల్లవానికి ఐ.ఐ.టి. పునాది వేయుదురట; ఆ పునాదికి వేరుగ రుసుము! పన్నెండేండ్లు నిండని బాలుని నెత్తిన ఇంత కట్టడము కట్టనేల యని అడుగు తండ్రి మాకింకను కనబడలేదు.

ఫీజు ఎక్కువ యనుటకంటె మాకు ప్రధానమైన ఆక్షేపణ వేరొకటి కలదు. ఇచ్చిన సొమ్ము ఎటుపోయినదో అడుగు అధికారము ఇచ్చినవానికి లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1994 జనవరి 1వ తేదీన వెలువరించిన ఒకటవ నంబరు ఉత్తరువు, ఫీజుల రాబడి నూటికి ఇట్లు పంచవలెనని విధించినది: యాజమాన్యమునకు ఐదు, నిర్వహణమునకు పదునైదు, బడి అభివృద్ధికి పదునైదు, పంతుళ్ల జీతములకు ఏబది, వారి భవిష్యనిధి, గ్రాట్యుటీ, బీమా మొదలగువానికి మిగిలిన పదునైదు. అనగా తండ్రి కట్టిన నూరు రూపాయలలో అరువదియైదు పంతులునకును, వాని ముసలితనమునకును చెందవలెను. పాఠకులు తమ వీధిలోని ఖానగీ బడి పంతులునో పంతులమ్మనో నెల జీతమెంతయని అడిగి, తరగతి పిల్లల సంఖ్యను ఫీజుతో హెచ్చవేసి చూచుకొందురుగాక. చాలచోట్ల ఆ రెండంకెలకును పొందిక కుదరదు.

ఆ పంతుళ్ల గతి కరోనా కాలమున లోకమునకు వెల్లడియైనది. 2020లో బడులు మూతపడినపుడు, ఆ యేటికి ఫీజులు పెంపరాదనియు, బోధనా రుసుమును మాత్రమే నెలనెలకు తీసికొనవలెననియు తెలంగాణ ప్రభుత్వము 46వ నంబరు ఉత్తరువు ఇచ్చెను. మరుసటి సంవత్సరము ఏప్రిల్‌లో ఖానగీ బడుల పంతుళ్లకును, ఇతర సిబ్బందికిని నెలకు రెండువేల రూపాయలును, ఇరువదియైదు కిలోల బియ్యమును ప్రకటింపవలసి వచ్చెను. ఇన్నేండ్లు ఫీజులు దండిన సంస్థల పంతుళ్లు, బడి మూతపడిన కొలది మాసములకే రేషను బియ్యము కొరకు పేర్లు వ్రాయించుకొనిరి. వారి పేర నూటికి పదునైదు వంతున నిధి నిజముగ కూడియుండినచో ఆ దుస్థితి కలుగునా?

ఖానగీ బడి యజమానులందరును ఒక్కతీరు వారని మేమనము. మన మండలములలో కొలువు దొరకని పట్టభద్రులు నలుగురు కలిసి, అద్దె యింట బడి పెట్టి, తామే పాఠములు చెప్పుచు, ఫీజు రాక, అద్దె తీరక క్రిందుమీదు లగుచున్నవారు కలరు. వారిని మింగునది వీధి చివర వెలసిన పెద్ద సంస్థల శాఖయే. న్యాయమైన చట్టము వచ్చినచో ముందుగా బాగుపడువారు ఈ చిన్నబడుల వారేయని మా నమ్మకము. వారు తమ లెక్కలు చూపుటకు జంకవలసిన పని లేదు.

ఇక చట్టమేది? 2009లో 91వ నంబరు ఉత్తరువుతో జిల్లా ఫీజుల నియంత్రణ సంఘములు పెట్టిరి. అవి న్యాయస్థానమున నిలువలేదు. రాష్ట్రము వేరైన పిమ్మట 2017లో తిరుపతిరావుగారి సంఘము, 2022లో మంత్రుల ఉపసంఘము, 2025 ఆరంభమున విద్యాకమిషను వారి ముసాయిదా, ఇట్లు సంఘము వెనుక సంఘము వచ్చినది. ఆ ఎనిమిదేండ్లలో చట్టము మాత్రము రాలేదు. పొరుగు ఆంధ్రప్రదేశ్‌లో 2021లో పంచాయతీకి ఇంత, పురపాలకమునకు ఇంత, నగరమునకు ఇంత యని ఒకే ధర నిర్ణయించి 53వ నంబరు ఉత్తరువు తెచ్చిరి. ఆ సంవత్సరాంతముననే హైకోర్టు దానిని కొట్టివేసెను. ఒక్కొక్క బడి ఖర్చును విచారింపక సచివాలయమున కూర్చుండి ధర కట్టుట న్యాయస్థానములు ఒప్పవని దీనివలన తేలుచున్నది.

ఒప్పు పద్ధతియు కలదు. రాజస్థానమున 2016 నాటి చట్టము ప్రతి బడిలోను ఒక ఫీజు సంఘమును పెట్టినది. యాజమాన్య ప్రతినిధి, ప్రధానోపాధ్యాయుడు, ముగ్గురు పంతుళ్లు, ఐదుగురు తలిదండ్రులు అందు సభ్యులు. ఆ తలిదండ్రులను చీటీలు తీసి ఎన్నుకొందురు. యజమాని బావమరదులును మిత్రులును చేరుటకు అందు వీలులేదు. నిర్ణయమైన ఫీజు మూడేండ్ల వరకు మారదు. బడుల వారు దీనిపై ఢిల్లీ వరకు పోరాడిరి. 2021 మే 3వ తేదీన సుప్రీంకోర్టు ఆ చట్టము చెల్లునని తీర్పు చెప్పెను. బడి నడుపుకొను స్వేచ్ఛ ఉన్నది గాని లాభాపేక్షతో దోచు స్వేచ్ఛ లేదని ఆ న్యాయస్థానమే 2002లో టి.ఎం.ఎ. పాయి వ్యాజ్యమున తేల్చియున్నది. ఇంత సిద్ధమైన బాట ఎదుటనుండగా హైదరాబాదులోని పెద్దలకు ఇంకను ఏ సంఘము నివేదిక కావలెనో తెలియకున్నది.

మరియొక మాట. విద్యాహక్కు చట్టము పన్నెండవ సెక్షను ప్రకారము ఖానగీ బడులు మొదటి తరగతిలో నాలుగవవంతు సీట్లను ఇరుగుపొరుగున నుండు పేదపిల్లలకు ఉచితముగ ఇయ్యవలెను. ప్రభుత్వము వారి ఖర్చును బడికి చెల్లించును. 2012లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించెను. ఆంధ్రప్రదేశ్‌లో ఆలస్యముగనైన 2022లో మొదలిడిరి. తెలంగాణమున చట్టము అమలులోకి వచ్చిన 2010 నుండి పదునాలుగేండ్లకు పైగా ఆ సీట్లు నింపబడలేదు. పెద్దపల్లిలో 2010లో పుట్టిన బిడ్డ, తనకు చట్టమిచ్చిన సీటును కన్నులజూడకయే పదవ తరగతి వరకు వచ్చినది. ఆ సొమ్మును ఖానగీ బడికి ఇచ్చుటకంటె సర్కారు బడికే పెట్టవచ్చునని వాదించువారున్నారు. ఆ వాదమున బలము లేకపోలేదు. అటు పెట్టక, ఇటు ఇయ్యకుండుట మాత్రము వాదము కాదు.

సర్కారు బడి ప్రస్తావన వచ్చినది గనుక మా తప్పును మేము ఒప్పుకొందుము. మంథని నుండి శాసనసభకు పోయిన పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగ నున్న 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో సర్కారు ఖర్చుతో గురుకులము తెరువబడెను. పల్లెపిల్లవానికి రాజధాని చదువు చెప్పవచ్చునని అది నిరూపించినది. 1964-66 నడుమ పనిచేసిన కొఠారి కమిషను కలవారి పిల్లలును లేనివారి పిల్లలును ఇరుగుపొరుగు బడిలో కలిసి చదువవలెనని చెప్పినది. మేమును మావంటి వకీళ్లును, వైద్యులును, గుమాస్తాలును, కడకు సర్కారు పంతుళ్లును ఏమి చేసితిమి? మా పిల్లలను పసుపుపచ్చని బస్సెక్కించితిమి. బడి కప్పు కారుచున్నదని అధికారితో పోట్లాడగలవాడు, విన్నపము వ్రాయగలవాడు వెళ్లిపోయిన పిమ్మట అక్కడ మిగిలినది హమాలీ బిడ్డయు, బీడీలు చుట్టు తల్లి బిడ్డయు. వారి తరపున నోరెత్తువారు లేరు. 2015లో అలహాబాదు హైకోర్టు, ప్రభుత్వ జీతగాండ్రెల్లరును తమ పిల్లలను సర్కారు బడులకే పంపవలెనని ఆజ్ఞాపించినపుడు మా బార్ గదిలో పలువురు నవ్విరి. మేమును నవ్వితిమి. ఇప్పుడు ఆ నవ్వు గుర్తునకు వచ్చినపుడు సిగ్గు కలుగుచున్నది.

ఇంగ్లీషు కొరకే ఖానగీ బడికి పోవలసి వచ్చుచున్నదను మాట ఒకప్పుడు నిజము. 2022-23 నుండి తెలంగాణ సర్కారు బడులలో ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఐనను తరగతికొక పంతులు లేనిచోట ఏ భాషలో చెప్పినను ఫలితమొక్కటే. కావున ఊరివారు అడుగవలసిన మొదటి ప్రశ్న మాధ్యమమును గూర్చి కాదు, పంతుళ్ల సంఖ్యను గూర్చి.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు మిత్రులకు మా విన్నపము స్వల్పము. జూన్‌లో ఫీజు కట్టునపుడు ప్రతి రూపాయికి రశీదు అడుగుడు. పదిమంది తలిదండ్రులు ఒక్క కాగితముపై సంతకములు చేసి, 1994 ఉత్తరువు ననుసరించి రాబడి ఎట్లు పంచబడినదో తెలుపుమని బడికిని, జిల్లా విద్యాధికారికిని వ్రాయుడు. ఒక్కడు వ్రాసినచో వాని బిడ్డను వేధింతురను భయము సహేతుకమే. అందుకే పదిమంది యనుచున్నాము. అట్టి కాగితములు వ్రాసి ఇచ్చుటకు మా కార్యాలయమున ఆదివారము ప్రాతఃకాలమున మేముందుము. దానికి రుసుము లేదు.

ఆ హమాలీ కుమారుడు ఇప్పుడు సర్కారు బడిలో ఏడవ తరగతికి వచ్చినాడు. చట్టపు సెక్షనును చూపిన పిదప అచటి ప్రధానోపాధ్యాయురాలు బదిలీ పత్రము లేకయే చేర్చుకొనెను. తండ్రి మాత్రము పాత బడికి నెలకు ఐదువందల చొప్పున బాకీ తీర్చుచునే యున్నాడు. తొందరపడి కట్టనక్కరలేదని మేము చెప్పి చూచితిమి. ఒకరి సొమ్ము ఉంచుకొనుట తన ఇంట వాడుక లేదని అతడు వినలేదు.