సంతకానికి ముందు చదువు



దివ్య ఖుర్ఆన్‌లోని ఆయతులన్నింటిలో సుదీర్ఘమైనది అల్ బఖరా అధ్యాయంలోని 282వ ఆయతు. అది అప్పు పత్రం గురించి అవతరించింది. గడువు పెట్టుకొని ఇచ్చిపుచ్చుకునే రుణాన్ని వ్రాసుకోవాలనీ, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలనీ, చెప్పి వ్రాయించలేని బలహీనుని తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పాలనీ అందులో ఆదేశం ఉంది. కాగితం మీద బలహీనుని హక్కు పోరాదన్నది దాని సారాంశం.

మా కె.కోటపాడు వంటి గ్రామీణ మండలాలలో నేడు ప్రతి ఇంటికీ కాగితాలతో పని ఉంది. పట్టాదారు పాసు పుస్తకం, డ్వాక్రా సంఘం అప్పు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఆసుపత్రి చీటీ. వీటిపై వేలిముద్ర వేసేవారు ఇంకా ఉన్నారు. సంతకం మాత్రం నేర్చుకొని, దాని పైనున్న నాలుగు వరుసలు చదవలేనివారూ ఉన్నారు. జనాభా లెక్కల నిర్వచనం ప్రకారం ఏడేళ్ళు నిండి, ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, వ్రాయగలిగినవారే అక్షరాస్యులు.

మన ఇళ్ళలో ఖుర్ఆన్‌ను ధారాళంగా పారాయణం చేసే తల్లులలో కొందరు తెలుగులో బస్సు బోర్డు చదవలేరు. అరబీ అక్షరాలను కూడబలుక్కొని నేర్చిన ఆ కళ్ళకు తెలుగు అక్షరం అందనిది కాదు.

1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ప్రారంభమైంది. 1990లో నెల్లూరు జిల్లాలో మొదలైన అక్షరదీపం ఉద్యమంలో వయోజనుల వాచకంలో సారాకు సంబంధించిన కథ ఒకటి ఉండేది. దానిని చదివిన దూబగుంట మహిళలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ పోరాటం ఊరూరా వ్యాపించగా, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. అర్థం చేసుకుంటూ చదివిన ఒక పాఠం ఎన్ని సంసారాలను నిలబెట్టిందో చూడండి.

2009లో సాక్షర భారత్ వచ్చింది. 2022 నుంచి ఉల్లాస్ పథకం పదిహేనేళ్ళు పైబడిన నిరక్షరాస్యుల కోసం నడుస్తున్నది. ఇందులో బోధించేవారు స్వచ్ఛంద సేవకులే. బద్ర్ యుద్ధంలో పట్టుబడి, విడుదల ధనం చెల్లించలేని ఖైదీలలో చదువు వచ్చినవారు ఒక్కొక్కరు పదిమంది మదీనా బాలలకు వ్రాత నేర్పితే చాలునని దైవప్రవక్త (స) నిర్ణయించారు. ఎదుటి పక్షం వారి నుంచి సైతం అక్షరాన్ని స్వీకరించిన సమాజం మనది. అటువంటప్పుడు కోడలి వద్ద పలక పట్టడానికి అత్తగారు సిగ్గుపడనవసరం లేదు. మనవరాలి వద్ద తాతకూ అంతే.

అసర్ నమాజు తరువాత ఒక అరగంట కేటాయించండి. ముందుగా ఆమె పేరు, పిదప రేషన్ కార్డు, మందుల చీటీ చదివించండి. ఆ అరగంట ఇంటి పనిని పురుషులు అందుకోవాలి. అది లేనిదే ఈ చదువు సాగదు.

మన తల్లులు కాగితం చదివి, సందేహం అడిగి, ఆ పిదపనే సంతకం చేసే రోజును అల్లాహ్ ప్రతి ఇంటికీ ప్రసాదించుగాక! ఆమీన్.