కొల్లేరుకు సగం వైద్యం చాలదు

వానాకాలం వచ్చిందంటే కొల్లేటి లంక గ్రామాల ప్రజల గుండెల్లో రాయి పడుతుంది. ఎగువన మెట్టలో కుండపోతగా కురిస్తే ఇక్కడ ఇళ్లలోకి నీరు వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడను ముంచెత్తిన నీరు చివరకు చేరింది కొల్లేటికే. వేసవి వస్తే బాధ మరొక రకం. సరస్సు అడుగంటుతుంది, ఉప్పుటేరు గుండా సముద్రపు పోటు నీరు ఎగదన్నుతుంది, గుక్కెడు మంచినీటికి కటకట మొదలవుతుంది. ఒకే ఊరు ఒకే ఏడాదిలో అటు ముంపుకూ ఇటు దాహానికీ గురికావడం విచారకరం.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న సహజమైన పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లు, ఎన్నో మురుగు కాల్వలు ఇందులో కలుస్తాయి. బయటకు దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. అదీ సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రాన్ని చేరాలి. వచ్చిన నీరు వచ్చినట్లే పోలేదు గనుక అది పరచుకుని నిలవడానికి చోటు కావాలి. ఆ చోటునే చేపల చెరువుల గట్లు మింగేశాయి.

ఈ గట్లు రాత్రికి రాత్రి లేచినవి కావు. 1970వ దశకంలో పేదలచేత సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. లాభం కనిపించగానే పెట్టుబడిదారులు ప్రవేశించారు. సంఘం పేరు పేదవాడిది, చెరువు పెద్దవాడిది అయింది. 1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో కొల్లేరుకు చోటు దక్కింది. 2006లో గట్లు పేల్చివేశారు. ఆ తరువాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. 2008లో అభయారణ్యాన్ని మూడవ కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. అదీ అమలు కాలేదు.

గట్లు కొడితే సమస్య తీరుతుందని ఒకరు, కాంటూరు తగ్గిస్తే తీరుతుందని మరొకరు వాదిస్తున్నారు. రెండూ సగం వైద్యాలే. బతుకుతెరువు చూపకుండా గట్టు కొడితే అది మళ్లీ లేస్తుంది. కాంటూరు తగ్గిస్తే నీటికి చోటు తగ్గి ముంపు ఎగువ పొలాలకు ఎక్కుతుంది. ఉప్పుటేరును తవ్వి వెడల్పు చేస్తే వరద త్వరగా దిగుతుంది, కానీ వేసవిలో ఉప్పునీరు అంతే త్వరగా పైకి వస్తుంది. అందుకే తవ్వకమూ, రెగ్యులేటర్లూ జోడెడ్లలా కలిసి సాగాలి. చేపలు సముద్రం నుంచి ఎగువకు ఎదురీదే కాలంలో తలుపులు తెరిచి ఉంచడమూ మరవరాదు.

ముందుగా అభయారణ్యం హద్దులను సర్వే చేసి ఊరూరా అందరికీ కనపడేలా రాళ్లు పాతాలి. తన భూమి లోపలో బయటో తెలియని రైతును నేరస్థుడిగా చూడడం న్యాయం కాదు. లోపలి జిరాయితీ భూములకు పరిహారం తేల్చి, సొమ్ము చేతికి ఇచ్చిన తరువాతే గట్ల మీదికి వెళ్లాలి. బినామీ లీజులను మాత్రం దయాదాక్షిణ్యాలు లేకుండా రద్దు చేయాలి. వలా మావూ నమ్ముకున్న మత్స్యకారులకు సరస్సులో వేట హక్కును కాగితంపై రాసివ్వాలి. కొర్రమీను, జెల్ల, మార్పు మళ్లీ దండిగా దొరికితే కొల్లేటికి వారికంటే నమ్మకమైన కావలివారు ఉండరు. పట్టణాల మురుగును శుద్ధి చేయకుండా వదలడం మానాలి. గుర్రపుడెక్క తొలగింపును ఏటా ఉపాధి పనిగా చేపట్టవచ్చు.

ఈ పనులు ఒక శాఖ చేతిలో లేవు. అటవీ, నీటిపారుదల, మత్స్య, రెవిన్యూ శాఖలు ఎవరి ఫైలు వారు చూసుకుంటుంటే మధ్యలో మునిగేది లంక గ్రామమే. జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఈ శాఖలనూ, లంక గ్రామాల ప్రతినిధులనూ ఒకచోట కూర్చోబెట్టి, ఏ పని ఎవరు ఎప్పటికి పూర్తిచేస్తారో బహిరంగంగా ప్రకటించాలి. వరద వచ్చినప్పుడు పులిహోర పొట్లాలు పంచడం కంటే, వరదకు దాని చోటు దానికి వదలడమే లంకవాసులకు చేయగల నిజమైన సహాయం.