తగ్గడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఒక ఎత్తు

సన్నబడడం ఎట్లాగో చెప్పేవాళ్లకు నేడు కొదవ లేదు. నెలకు ఇన్ని కిలోలు తగ్గిస్తామనే మాటలు గోడల మీదా, ఫోన్లలోనూ కనబడుతూనే ఉంటాయి. తగ్గిన ఆ బరువు రెండేళ్ల తర్వాత ఏమైందని అడిగేవాళ్లు మాత్రం అరుదు. అసలు కష్టమంతా అక్కడే ఉంది.

ఇది పట్నం వాళ్ల సమస్య అని కొందరు మిత్రులు అనవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. షుగరు, బీపీ మాత్రలు మింగే ఇల్లు మా ఒంటిమిట్ట పక్క పల్లెల్లో కూడా ఇప్పుడు వింత కాదు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మారుమోగినప్పుడు మావైపు కూడా అన్నం మాని కొబ్బరినూనె, నిమ్మకాయలు పట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆ పద్ధతి మంచిచెడ్డలు డాక్టర్లు తేల్చవలసినవి. నా ప్రశ్న వేరు. ఏ పద్ధతిలో తగ్గినా, తగ్గింది ఎందుకు నిలవదు? నోరు కట్టుకోలేకపోవడం ఒక్కటేనా కారణం?

కాదంటుంది సైన్సు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వాళ్ల ఇష్టం మీదనే, ఆరు నెలల పాటు అరకొర తిండి పెట్టి పరిశీలించినాడు. వాళ్ల ఒళ్లే కాదు, మనసులు కూడా మారిపోయినాయి. ఎప్పుడూ తిండి మాటే, తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. మళ్లీ తిండి దొరికినాక కడుపు నిండినా ఆకలి తీరక తిన్నారు. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇంకో సంగతి చెప్పినారు. పది వారాలు పథ్యం చేసి తగ్గినవాళ్ల ఒంట్లో ఆకలిని పెంచే హార్మోన్లు ఏడాది గడిచినా మునుపటి స్థితికి రాలేదు. కరువు చూసిన రైతు పండిన ఏడు కూడా గాదెలో దాచుకున్నట్టు, మన ఒళ్లు కూడా దాచుకుంటుంది. దాన్ని తిండిపోతుతనమని ఎగతాళి చేయడం అన్యాయం.

ఇక మనసు సంగతి. మనవాళ్లు పథ్యాన్ని దీక్షలాగా పడతారు. నలభై ఒక్క రోజులు నిష్ఠగా ఉంటారు. మాల తీసిన మర్నాడు మామూలే. నడుమ పెళ్లిలో ఒక ఓళిగ తింటే వ్రతం చెడిందని అంతటితో అన్నీ వదిలేస్తారు. దీక్షకు ముగింపు ఉంటుంది, ఒంటికి ఉండదు గదా!

అన్నిటికన్నా గట్టిది నలుగురి మాట. కష్టపడి పది కిలోలు తగ్గినామె ఎదురైతే మనం ఏమంటాం? "ఏమ్మా, ఇట్ల చిక్కిపోయినావు? జబ్బేమన్నా చేసిందా?" అంటాం. తినకపోతే చుట్టానికి కోపం. తెల్లారి రోడ్డు మీద నడిస్తే "పని లేదా" అనే చూపులు. ఇంట్లో కుండ ఒకటే, అందరికోసం వండే ఆమె తనకు వేరే వండుకోదు. మిగిలిన మెతుకులు పారబోయడానికి మనసొప్పక తానే తింటుంది. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. 1952 కరువులో సైన్యం వచ్చి గంజి కేంద్రాలు నడిపిన సీమ ఇది. ఆ రోజులు విన్న మా జేజి లాంటి వాళ్లకు బొద్దుగా ఉండడమంటే కలిగి ఉండడం, చిక్కడమంటే లేమి. ఆ ప్రేమను తప్పు పట్టలేం. అయితే ఆ కాలం కొలత ఈ కాలానికి సరిపోదని చెప్పవలసిన బాధ్యత చదువుకున్న మనది.

నిలుపుకున్నవాళ్లు లేకపోలేదు. అమెరికాలో 1994 నుండి, కనీసం 13 కిలోలు పైగా తగ్గి ఏడాదైనా నిలుపుకున్నవాళ్ల వివరాలు రాసి పెడుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది రోజుకు గంటసేపు ఒళ్లు కదిలిస్తారు, పొద్దున పూట తిండి మానరు, వారానికోసారైనా తూకం చూసుకుంటారు, టీవీ ముందు తక్కువ కూర్చుంటారు. ఇందులో మంత్రం లేదు, మాత్ర లేదు. ఏళ్ల తరబడి సాగే అలవాట్లున్నాయి. అలవాటు సాగాలంటే ఇంటిల్లిపాదీ తోడుండాలి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. బరువు తగ్గడం ఒక్కరి పట్టుదలతో కావచ్చు. నిలుపుకోవడం మాత్రం ఇల్లూ, వీధీ కలిసి చేయవలసిన పని. తగ్గినవాళ్లను జాలిగా చూడవద్దు, మళ్లీ పెరిగినవాళ్లను నవ్వవద్దు. హాస్టల్ మెస్‌లో లావుగా ఉన్న మిత్రునికి పేర్లు పెట్టడం మానుదాం. సిగ్గుపడి దాక్కుని తినేవాడు తగ్గడు. సెలవులకు ఊరికి పోయినప్పుడు అమ్మను సాయంత్రం చెరువు కట్ట దాకా నడిపించుకుపోదాం. వారంలో నాలుగు పూటలు ఇంటిల్లిపాదికీ రాగి సంగటి, ఆకుకూర పప్పు చేయమందాం, వాటితో పాటు అన్నం కాస్త తగ్గించమందాం. ఆమె ఒక్కదానికే వేరే గిన్నె పెట్టవద్దు. వద్దన్నవాళ్ల ఆకులో మళ్లీ వడ్డించడమే మర్యాద అనుకునే మనం, వాళ్ల మాట మన్నించడమూ మర్యాదేనని నేర్చుకుంటే చాలు, సగం పని అయినట్టే.