పాత జీతమే కొలమానమా?

ప్రైవేటు సంస్థల ఇంటర్వ్యూలలో అభ్యర్థిని ఇరకాటంలో పడవేసే ప్రశ్నలు తరచు చదువుకో, అనుభవానికో సంబంధించినవి కావు. అంతా సజావుగా ముగిసిందనుకునే తరుణంలో అవి ఎదురవుతాయి. ప్రస్తుతం ఎంత జీతం వస్తోంది? ఎంత ఆశిస్తున్నారు? మొదటి ప్రశ్నకు ఇచ్చే జవాబే రెండో ప్రశ్న ఫలితాన్ని శాసించడం దేశంలో ఆనవాయితీగా మారింది. పాత జీతంపై ఇంత శాతం పెంపు అని లెక్కకట్టి కొత్త జీతం ఖరారు చేస్తున్నారు. చేయబోయే పని విలువ ఎంత అన్న అసలు ప్రశ్న మరుగున పడుతోంది.

ఇందులోని అన్యాయం చిన్న లెక్కతోనే బోధపడుతుంది. ఒకే పని, ఒకే అనుభవం ఉన్న ఇద్దరిలో ఒకరికి 20,000 రూపాయలు, మరొకరికి 30,000 రూపాయలు వస్తున్నాయనుకుంటే, కొత్త సంస్థ ఇద్దరికీ 30 శాతం చొప్పున పెంచినప్పుడు జీతాలు 26,000, 39,000 అవుతాయి. పైకి సమానత్వమే. కానీ 10,000 ఉన్న అంతరం 13,000కు పెరిగింది. అవసరం కొద్దీ తక్కువ జీతానికి తొలి కొలువులో చేరిన చిన్న పట్టణపు పట్టభద్రుడిని, పిల్లల పెంపకం కోసం కొన్నేళ్లు విరామం తీసుకుని తిరిగివచ్చిన మహిళను ఆ పాత అంకె ఏళ్ల తరబడి వెన్నాడుతుంది.

బడ్జెట్‌కు సరిపడని అభ్యర్థితో ఇరువురి కాలం వృథా కాకూడదనే అడుగుతున్నామని యాజమాన్యాల వాదన. అది సహేతుకమే. అయితే అందుకు మార్గం అభ్యర్థి వేతన చీటీని తిరగవేయడం కాదు, సంస్థ తన అంకెను ముందే వెల్లడించడం. ప్రభుత్వ, బ్యాంకు ఉద్యోగాల ప్రకటనలలో వేతన శ్రేణిని ముద్రించడం దశాబ్దాలుగా ఉన్నదే. ప్రైవేటు ప్రకటనలలో మాత్రం ‘ఆకర్షణీయమైన వేతనం’ అన్న మాటతోనే సరిపెట్టడం పరిపాటి.

ఇతర దేశాలు ఈ విషయంలో ముందడుగు వేశాయి. ఉద్యోగం ఖరారు కాకముందు పాత జీతం అడగరాదని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2016లో శాసనం చేసి 2018 జులై నుంచి అమలులోకి తెచ్చింది. ఐరోపా సమాజం 2023లో జారీచేసిన ఆదేశం కూడా ఆ ప్రశ్నను నిషేధించింది. తొలి వేతనాన్ని లేదా దాని శ్రేణిని అభ్యర్థికి ముందుగానే తెలపాలన్నది. సభ్య దేశాలకు 2026 జూన్ 7 వరకు గడువిచ్చింది. భారతదేశంలో అటువంటి చట్టం లేదు. 1976 నాటి సమాన వేతన చట్టం స్థానంలో వచ్చిన 2019 వేతనాల స్మృతి 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. ఒకే రకమైన పనికి వేతనంలో లింగ వివక్ష చూపరాదని అది శాసిస్తున్నది. పాత జీతం ఆరాను మాత్రం ప్రస్తావించలేదు.

చట్టం వచ్చేదాకా అభ్యర్థికి జాగ్రత్తే రక్ష. ‘సీటీసీ’గా వ్యవహరించే అంకె చేతికందే జీతం కాదని ముందుగా గ్రహించాలి. ఏడాదికి 6 లక్షల రూపాయలంటే నెలకు 50,000 అని లెక్కవేయడం పొరపాటు. మూల వేతనం అందులో సగమైతే సంస్థ వాటా భవిష్యనిధి 36,000, గ్రాట్యుటీ సుమారు 14,400 రూపాయలు ముందే పోతాయి. పనితీరును బట్టి ఇచ్చే మొత్తం 60,000 అయితే అది నెలనెలా రాదు. మిగిలిన దానిలో ఉద్యోగి వాటా భవిష్యనిధి 3,000, వృత్తి పన్ను 200 మినహాయిస్తే నెలకు చేతికందేది సుమారు 37,600 రూపాయలే. అందువల్ల మొత్తం అంకె విని తల ఊపకుండా, అందులో ఏది ఖాయమో, ఏది షరతులకు లోబడినదో వివరాలు లిఖితపూర్వకంగా కోరాలి.

పాత జీతాన్ని పెంచి చెప్పడం ప్రమాదకరం. వేతన చీటీలు, ఫారం 16 పరిశీలనలో అబద్ధం బయటపడితే చేతికొచ్చిన ఉద్యోగం జారిపోవచ్చు. అంతకంటే, బాధ్యతలు తెలిసిన తరువాత వేతనం మాట్లాడుకోవచ్చునని, ఈ పోస్టుకు సంస్థ అనుకున్న శ్రేణి ఎంతో తెలపాలని వినయంగా అడగడం మేలు. అదే వృత్తిలో ఉన్నవారిని విచారించి ఒక శ్రేణిని సిద్ధం చేసుకుని వెళితే ఆ మాటకు బలం చేకూరుతుంది.

అయితే ఉద్యోగం అత్యవసరమైన నిరుద్యోగికి బేరమాడే శక్తి ఎంతన్నది అందరికీ తెలిసినదే. అతడి నేర్పుకే అంతా వదిలివేయడం న్యాయం కాదు. ప్రతి ఉద్యోగ ప్రకటనలో వేతన శ్రేణిని తప్పనిసరి చేస్తూ ప్రభుత్వం నిబంధన తేవాలి. పనికి వెల కట్టవలసింది పనిని చూసే గాని, పాత చీటీని చూసి కాదు.